గాజుకు అరచేతి కొలత, బ్రేస్‌లెట్‌కు మణికట్టు కొలత

చేతికి వేసుకునేవి ఎన్ని రకాలున్నా కొలత దగ్గరికొచ్చేసరికి అవి రెండే జాతులు. ఒకటి వేళ్ల మీదుగా ఎక్కి మణికట్టుకు చేరేది: మట్టిగాజు, లక్క గాజు, సీల లేని బంగారు గాజు, కడియం. రెండోది మణికట్టు దగ్గరే తెరుచుకుని మూసుకునేది: హుక్కు బ్రేస్‌లెట్, మర ఉన్న మురుగు (కంకణం), నల్లపూసల బ్రేస్‌లెట్, వాచీ పట్టీ, వ్రతం నాడు కట్టుకునే తోరం. మొదటి జాతికి కొలత అరచేతి దగ్గర తీయాలి, రెండో జాతికి మణికట్టు దగ్గర. తెప్పించుకున్న గాజు బొటనవేలి దగ్గరే ఆగిపోయినా, కొన్న బ్రేస్‌లెట్ మోచేతి వైపు జారిపోతున్నా చాలాసార్లు కారణం ఒకటే. ఒక జాతి కొలతతో రెండో జాతి వస్తువు కొనేశారు.

ముందు గాజుల సైజు సంగతి. 2-4, 2-6, 2-8 అనే అంకెల్లో మొదటిది అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. పాత రూపాయికి పదహారు అణాలున్నట్టే ఇక్కడ అంగుళానికి పదహారు భాగాలు. 2-4 అంటే రెండుంబావు అంగుళాలు, 2-8 అంటే రెండున్నర. ఇది గాజు లోపలి వ్యాసం. చిక్కంతా ఆన్‌లైన్ దుకాణాలు దీన్ని 2.4, 2.6 అని చుక్కపెట్టి రాయడంలో ఉంది. దాన్ని దశాంశం అనుకుని స్కేలు మీద 2.4 అంగుళాలు కొలిస్తే 61 మిల్లీమీటర్లు వస్తుంది. అది 2-6 కంటే కూడా కాస్త పెద్దది! ఇక 2-10ని 2.10గా చదివితే అది 2-2 కంటే చిన్నదనిపిస్తుంది. అందుకే అంగుళాల గొడవ వదిలేసి మిల్లీమీటర్లలో గుర్తుపెట్టుకోవడం మేలు. 2-2 అంటే 54, 2-4 అంటే 57, 2-6 అంటే 60, 2-8 అంటే 63.5, 2-10 అంటే 66.7, 2-12 అంటే 70.

ఇంకా తేలికైన దారి ఒకటుంది. ఒక సైజు నుంచి పై సైజుకు వ్యాసం అంగుళంలో ఎనిమిదో వంతు పెరుగుతుంది. అలా పెరిగినప్పుడు చుట్టుకొలత దాదాపు సరిగ్గా ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి 2-4కు 18 సెంటీమీటర్లు అని ఒక్కటి గుర్తుంటే చాలు. 19 అయితే 2-6, 20 అయితే 2-8, 21 అయితే 2-10. కిందికి వస్తే 17కు 2-2.

ఈ సెంటీమీటర్లు ఎక్కడ కొలవాలంటే: నాలుగు వేళ్లు చాచి దగ్గరగా పెట్టండి. బొటనవేలిని అరచేతి లోపలికి, చిటికెనవేలి మొదలు వైపుకు మడవండి. గాజు ఎక్కించుకునేటప్పుడు చెయ్యి ఏ ఆకారంలో ఉంటుందో అదే ఆకారం. ఇప్పుడు బొటనవేలి కణుపుతో సహా అరచేతి అతి వెడల్పైన చోట టేపు చుట్టండి. టేపు చర్మానికి ఆనాలి, కానీ కండ నొక్కుకుపోకూడదు. టేపు లేకపోతే సాగని దారం చుట్టి, కలిసిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, స్కేలు మీద పరిచి చూడండి. ఉన్నిదారం, కుట్టుమిషన్ ఎలాస్టిక్ వాడితే కొలత తప్పుతుంది. ఏ చేతికి వేసుకుంటారో ఆ చేతినే కొలవండి. కుడిచేతివాటం ఉన్నవారిలో కుడి అరచెయ్యి సాధారణంగా కొంచెం పెద్దదిగా ఉంటుంది. పొద్దున్నే చల్లటి నీళ్లలో పనిచేసిన వెంటనే కాకుండా సాయంత్రంపూట, ఎండాకాలమైతే మరీ మంచిది, అప్పుడు కొలిస్తే ఏడాది పొడుగునా పనికొచ్చే కొలత దొరుకుతుంది.

ఒకే కొలత వచ్చిన ఇద్దరికి ఒకే గాజు ఎక్కాలని లేదు. బొటనవేలి మొదలు దగ్గర కండ మెత్తగా, కీలు వదులుగా ఉన్నవారు ఒక సైజు తక్కువ కూడా ఎక్కించుకోగలరు. ఎముక ఎత్తుగా ఉండి కీలు బిగువుగా ఉన్నవారికి కొలిచిన సైజే కష్టమవుతుంది. కొలత రెండు సైజుల మధ్య పడితే మట్టిగాజుకూ లక్క గాజుకూ పెద్దదే తీసుకోండి. అవి ససేమిరా సాగవు. వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది. సన్నగాజు కణుపుల మీదుగా కొంచెం ఒరిగి, ఒక పక్క ముందుగా దాటి ఎక్కుతుంది. అంగుళం వెడల్పున్న పట్టా గాజుకు అలా ఒరిగి దాటే వీలుండదు, మొత్తం ఒకేసారి కణుపులు దాటాలి. అందుకని పట్టా గాజుకు ఒక సైజు పెంచాలి.

చేతిలో ఉన్న పాత గాజును కొలిచి కొత్తది తెప్పిస్తుంటే లోపలి అంచు నుంచి లోపలి అంచుకే కొలవండి, అదీ మధ్యబిందువు మీదుగా. బయటి అంచులు కొలిస్తే ఏమవుతుందో చూడండి: 4 మిల్లీమీటర్ల మందమున్న కడియానికి రెండు పక్కలా కలిపి 8 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది. సైజుకు సైజుకు తేడా 3 మిల్లీమీటర్ల చిల్లరే కాబట్టి రెండున్నర సైజులు పెద్దది ఇంటికొస్తుంది. నొక్కుకుపోయి కోలగా మారిన పాత గాజయితే నిలువునా అడ్డంగా రెండు కొలతలూ తీసి సగటు చూడాలి.

మట్టిగాజుల్లో బలహీనమైన చోటు అతుకు. మనకు వచ్చే గాజుల్లో చాలా భాగం ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌వి. అక్కడ కరిగిన గాజును తీగలా లాగి, తిరుగుతున్న కడ్డీ మీద స్ప్రింగులా చుడతారు. ఆ చుట్టను నిలువునా కోస్తే చివర్లు విడిపోయిన వలయాలు వస్తాయి. ఒక్కో వలయం చివర్లను చదును చేసి, మంటలో వేడిచేసి అతుకుతారు. డజను కొనేటప్పుడు ఒక్కో గాజునూ వెలుతురుకు పట్టి తిప్పితే ఆ అతుకు కనిపిస్తుంది. చివర్లు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నా, గోరు గీస్తే తగులుతున్నా ఆ గాజు పక్కన పెట్టేయండి. అది చర్మాన్ని గీస్తుంది, ఎక్కించేటప్పుడు అక్కడే చిట్లుతుంది. చుట్టూ తిప్పుతూ ఎక్కించేటప్పుడు కూడా అతుకును బొటనవేలి కణుపు మీదికి రానివ్వకుండా చేతి వెనకవైపు ఉంచితే గాజు మిగులుతుంది. బొటనవేలి కణుపు దగ్గరే ఒత్తిడి ఎక్కువ.

సీమంతానికి గాజులు తెచ్చేవారు ఒక్క విషయం చూసుకోవాలి. నెలలు నిండుతున్నకొద్దీ చాలామందికి చేతులు నీరు పడతాయి. పెళ్లినాటి సైజు తెస్తే ఎక్కించేటప్పుడే బాధ, ఎక్కాక తీయడం ఇంకా బాధ. ఆ వారంలోనే చెయ్యి కొలిచి ఒక సైజు పెంచి తీసుకోండి. రెండు చేతులకూ నిండుగా తొడగాలన్న ముచ్చట పెద్ద సైజుతోనూ తీరుతుంది. అయితే చేతులతోపాటు ముఖం ఒక్కసారిగా వాచినా, తలనొప్పి, చూపు మసకబారడం ఉన్నా అది సైజు విషయం కాదు. ఆ రోజే బీపీ చూపించాలి.

లక్క గాజుల దారి వేరు. హైదరాబాద్ లాడ్‌బజార్ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కట్టే జిగురే లక్క. దాన్ని వేడిచేసి మెత్తబరిచి, సాగదీసి, వలయంగా తిప్పి, వేడి ఆరకముందే రాళ్లూ అద్దాలూ ఒక్కొక్కటిగా అద్దుతారు. ఈ తయారీలోనే దాని గుణమూ దోషమూ ఉన్నాయి. వేడికి మెత్తబడే వస్తువు కాబట్టి కొంచెం బిగుతైతే పనివారు నిప్పు సెగ చూపి కాస్త వదులు చేసి ఇవ్వగలరు. దుకాణంలోనే వేసి చూసుకోవడం, అక్కడికక్కడే సవరింపించుకోవడం లాడ్‌బజార్‌కు వెళ్లడంలో ఉన్న లాభం. అదే గుణం వల్ల ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీదో, పొయ్యి పక్కన గట్టు మీదో పెడితే ఆకారం వంకరపోయి రాళ్లు కదులుతాయి. లక్క సుమారు 70, 80 డిగ్రీలకే కరిగే దశకు వస్తుంది, మెత్తబడటం అంతకు ముందే మొదలవుతుంది. వేడినీళ్లతో కడగకండి. స్పిరిట్ ఉన్న శానిటైజర్, సెంటు తగిలితే మెరుపు పోయి జిగటబడుతుంది, ఎందుకంటే లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో దూదో కాగితమో పెట్టి దాచండి.

బంగారు గాజుల్లో అందరూ తరుగు, మజూరీ శాతాల మీద బేరమాడతారు కానీ గాజు మందం అడగరు. చిన్న లెక్క చూడండి. 2-6 సైజులో 8 గ్రాముల 22 క్యారెట్ల బంగారాన్ని గుండ్రటి గట్టి కమ్మీగా తీస్తే దాని మందం 1.7 మిల్లీమీటర్లు మాత్రమే. అదే సైజులో 5 మిల్లీమీటర్ల మందంతో గట్టి గాజు చేయాలంటే 70 గ్రాముల దాకా పడుతుంది. కాబట్టి కాసు బరువులో పెన్సిలంత లావు గాజు చూపించారంటే అది బోలు గాజే. బోలుగాజు మోసమేమీ కాదు, తక్కువ బరువులో నిండుగా కనిపిస్తుంది. కానీ తలుపుకో బీరువాకో తగిలితే సొట్ట పడుతుంది, ఆ సొట్ట లోపలి నుంచి తీయడానికి దారి ఉండదు. రోజూ వంటింట్లో వేసుకునేదానికి సన్నదైనా గట్టి గాజు, పెళ్లిళ్లకు బోలు గాజు అనుకుంటే బంగారం ఎక్కువకాలం నిలుస్తుంది. లోపల లక్క నింపిన గాజుల్లోనూ రాళ్ల గాజుల్లోనూ మొత్తం బరువు, నికర బంగారం బరువు బిల్లులో వేరువేరుగా రాయించుకోవాలి. అలాగే ఆంధ్రలో కాసు అంటే 8 గ్రాములు, తెలంగాణలో తులం అంటే అంగడి లెక్కలో 10 గ్రాములు, పాత తులమైతే 11.66 గ్రాములు. బంధువులు చెప్పిన ధరతో పోల్చేముందు గ్రాములకు మార్చుకోండి.

2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణాల్లో అమ్మే హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలి. గాజుకు లోపలివైపు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ముద్ర, 22కే916 వంటి స్వచ్ఛత గుర్తు, ఈ కోడ్ మూడూ ఉంటాయి. ఒక్కో నగకు ఒక్కో కోడ్ కాబట్టి జతలో రెండు గాజులకూ వేరువేరు కోడ్‌లు ఉండాలి, ఒకటే ఉంటే అడగండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే స్వచ్ఛతతోపాటు అది ఏ రకం నగో కూడా చూపిస్తుంది. చేతిలో గాజు ఉంటే యాప్‌లో ఉంగరం అని వచ్చిందంటే అక్కడే ఆగిపోండి.

ఇక మణికట్టు జాతి. ఇక్కడ కొలత మణికట్టు ఎముకకు కాస్త పైన, టేపు ఆనీ ఆననట్టు తీయాలి. సన్నటి గొలుసు బ్రేస్‌లెట్‌కు ఆ కొలత మీద ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు కలిపితే సరిపోతుంది. 16 సెంటీమీటర్ల మణికట్టుకు 17.5 లేదా 18 అన్నమాట. పూసల బ్రేస్‌లెట్ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. బల్ల మీద పరిచి కొలిచిన పొడవు పూసల మధ్యగీత పొడవు. చేతికి తగిలేది లోపలి చుట్టు. ఈ రెండింటికీ తేడా పూస మందానికి మూడు రెట్ల పైచిలుకు. 8 మిల్లీమీటర్ల పూసలకు అది రెండున్నర సెంటీమీటర్లు, 10 మిల్లీమీటర్ల పూసలకు మూడు సెంటీమీటర్ల పైనే. అందుకే అదే 16 సెంటీమీటర్ల చేతికి 8 మిల్లీమీటర్ల పూసల్లో 19 సెంటీమీటర్ల పొడవు కావాలి, అంటే ఓ 24 పూసలు. రుద్రాక్షలైతే పూస పూసకూ లావు మారుతుంది గనక దారానికి గుచ్చి, ముడి వేయకముందే చేతికి చుట్టి చూసుకోవడమే పద్ధతి.

ఎలాస్టిక్‌తో గుచ్చుకునేవారు దారాన్ని ముందే నాలుగైదుసార్లు బాగా లాగి వదలాలి. ఆ పని చేయకపోతే వారంలో సాగి పూసల మధ్య దారం కనిపిస్తుంది. 8 మిల్లీమీటర్ల పూసలకు 0.8 మిల్లీమీటర్ల ఎలాస్టిక్ చాలు. మామూలు ముడి జారిపోతుంది కాబట్టి మెలిక ఒకసారికి బదులు రెండుసార్లు తిప్పి, ముడి మీద ఒక చుక్క జిగురు వేసి, పూర్తిగా ఆరాక పెద్ద బెజ్జమున్న పూసలోకి లాగేయండి. వేసుకునేటప్పుడు వేళ్లతో సాగదీయకుండా చేతి మీద దొర్లించుకుంటూ ఎక్కిస్తే దారం ఎక్కువ కాలం వస్తుంది.

బ్రేస్‌లెట్ పోయిందంటే అందరూ హుక్కును తిడతారు. నిజానికి చాలాసార్లు హుక్కు బాగానే ఉంటుంది, అది తగులుకునే చిన్న రింగు విచ్చుకుంటుంది. కొన్నరోజే ఆ రింగును భూతద్దంతో చూడండి. చివర్లు కలిసిన చోట సన్నటి సందు కనిపిస్తే టంకం వేయించమని అడగండి, నిమిషాల పని. ఎస్ ఆకారపు హుక్కు వాడగా వాడగా నోరు తెరుచుకుంటుంది. దాన్ని ఇంట్లో పట్కారుతో నొక్కి బిగించడం ఒకసారికి పనిచేస్తుంది, పదేపదే వంచితే లోహం అలిసిపోయి విరుగుతుంది. పెట్టె లాక్‌లో నాలుకలాంటి రేకు స్ప్రింగులా పనిచేస్తుంది. టక్కుమన్న శబ్దం రాకపోతే ఆ నాలుక చదునైపోయిందని అర్థం, కంసాలి దాన్ని సన్నటి పనిముట్టుతో కొంచెం ఎత్తితే మళ్లీ పడుతుంది. మర సీల ఉన్న మురుగులకు ఆ సీలే ప్రాణం. ఒక్క మర అడ్డంగా ఎక్కించి తిప్పితే గాడి పాడవుతుంది. అందుకే ముందు ఎడమవైపు కొంచెం తిప్పి, గాడి కుదిరినట్టు అనిపించాక కుడివైపు బిగించాలి. ఏ రకమైనా, హుక్కు ఊడినా పట్టి ఉంచేలా రెండు గ్రాముల అడ్డగొలుసు వేయించుకోండి. పోయిన వస్తువు ధరతో పోలిస్తే అది ఏపాటి!

నల్లపూసల బ్రేస్‌లెట్లు ఇప్పుడు ఉద్యోగం చేసే ఆడవాళ్ల చేతుల్లో బాగా కనిపిస్తున్నాయి. అవి తెగే చోటు పూసకూ పూసకూ మధ్య ఉన్న తీగ కొక్కెం. 22 క్యారెట్ల సన్నతీగ మెత్తన, కంప్యూటర్ బల్ల అంచుకు రోజూ రాసుకుంటే అరిగిపోతుంది. ఇలాంటివాటికి 18 క్యారెట్లే తగినది. తక్కువ క్యారెట్ అని చిన్నచూపు అక్కర్లేదు, దానిలోని రాగి, వెండి పాళ్లే తీగకు గట్టిదనం ఇస్తాయి.

వన్ గ్రామ్ గోల్డ్, గిల్టు గాజుల కింద చర్మం దురదపెట్టి ఎర్రబడుతుంటే అది తరచు నికెల్ పడకపోవడం. పైపూత అరిగాక లోపలి లోహం చెమటతో కలిసి చర్మానికి తగలడంతో మొదలవుతుంది. రంగులేని గోళ్లరంగు లోపలివైపు పూస్తే కొన్నిరోజులు ఆగుతుంది, తరువాత మామూలే. తీవ్రంగా ఉంటే టైటానియమో స్వచ్ఛమైన వెండో చూసుకోవాలి. రాగి కడియం కింద వచ్చే ఆకుపచ్చ మరక మాత్రం అలర్జీ కాదు, సబ్బుతో పోయే రాగి లవణం. రాగి కడియం కీళ్లవాతాన్ని తగ్గిస్తుందన్న మాటను యార్క్ విశ్వవిద్యాలయం వారు 70 మంది రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల మీద పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. నొప్పిలో, వాపులో, జబ్బు ముదరడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇష్టమై వేసుకుంటే వేసుకోండి, మందులు మాత్రం ఆపకండి.

ఫిట్‌నెస్ బ్యాండ్ గుండెవేగం తప్పుగా చూపిస్తోందంటే ముందు పట్టీ చూడాలి. దాని అడుగున ఉన్న ఆకుపచ్చ వెలుతురు చర్మంలోని రక్తప్రవాహాన్ని చదువుతుంది. మణికట్టు ఎముక మీద పెడితే సందులోంచి బయటి వెలుతురు దూరుతుంది. ఎముకకు ఒక వేలి వెడల్పు పైన, నడిచేటప్పుడు జారనంత బిగువుగా పెట్టి, వ్యాయామం అయ్యాక వదులు చేయండి. సబ్బునీళ్లు పట్టీ కింద నిలిచిపోతే ఒరిపిడికి దద్దుర్లు వస్తాయి, కడిగాక చెయ్యీ పట్టీ రెండూ ఆరాలి.

డయాలిసిస్ కోసం ఫిస్టులా (ధమనినీ సిరనూ కలిపే ఆపరేషన్) వేసిన చేతికి గాజులు, వాచీ, బిగుతు దారం ఏవీ వద్దు. ఒత్తిడికి రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోవచ్చు. బ్యాటరీలు, వైరింగు పని చేసేవారు లోహపు కడియం తీసి జేబులో పెట్టుకోవాలి. బ్యాటరీ రెండు కొనలకూ కడియం తగిలితే క్షణంలో కాలిపోయేంత వేడెక్కుతుంది. తిరిగే యంత్రాల దగ్గర పట్టీలూ తాళ్లూ కూడా అంతే ప్రమాదం.

పసిపిల్లల చేతికి కట్టే నల్లదారం, దిష్టిపూసలు వారం వారం చూడాలి. మొదటి ఏడాదిలో చెయ్యి ఎంత త్వరగా లావెక్కుతుందో రోజూ ఎత్తుకునేవారికి తెలియదు. పెద్దవారి చిటికెనవేలు సులువుగా దూరనంత బిగుతైతే ఆ రోజే మార్చండి. తడిస్తే నూలుదారం ముడి బిగుసుకుంటుంది, వరలక్ష్మీ వ్రతం నాడు తొమ్మిది ముళ్లతో కట్టే తోరానికీ అదే జాగ్రత్త. ఊడిపోయే మువ్వలున్న కడియాలు నోట్లో పెట్టుకునే వయసుకు పనికిరావు.

పడిపోయి చేతికి దెబ్బ తగిలితే ఎక్స్‌రే కంటే ముందు, వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయాలి. విరిగినట్టు అనుమానముంటే చెయ్యి కదపకుండా, తేలిగ్గా వచ్చేవి మాత్రమే తీసి మిగతాది ఆస్పత్రికి వదిలేయండి. దెబ్బేమీ లేకుండా ఉత్త వాపుకే ఇరుక్కుంటే చేతిని గుండెకంటే ఎత్తుగా పది నిమిషాలు పెట్టి, చల్లటి నీళ్లలో ముంచండి. తరువాత పల్చటి ప్లాస్టిక్ కవర్‌ను చేతికి తొడిగి, దాని అంచును గాజు కిందినుంచి మోచేతి వైపుకు లాగి, కవర్ మీద సబ్బునీళ్లు రాసి గాజును అటూ ఇటూ తిప్పుతూ జార్చండి. నేరుగా లాగితే కణుపుల దగ్గర చర్మం మడతపడి ఇంకా బిగుస్తుంది. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఇక ప్రయత్నాలు ఆపి కత్తిరించేయాలి. బంగారు గాజును ఒక్కచోట కోస్తే కంసాలి మళ్లీ అతుకుతాడు. మట్టిగాజయితే చర్మానికీ గాజుకూ మధ్య మెత్తటి గుడ్డ దూర్చి, పైన ఇంకో గుడ్డ కప్పి, పట్కారుతో అతుకు ఉన్న చోట నొక్కండి. కళ్లు పక్కకు తిప్పుకోవడం మరవద్దు.